కల్లుతో ఏం తింటున్నారు?

"కల్లు చెట్టు పాలే కదా డాక్టరుగారూ, ఒంటికి చలవే కదా?" ఖమ్మం, భద్రాచలం వైపు పనిచేసే ఏ డాక్టరుకైనా ఈ ప్రశ్న తప్పదు. దానికి జవాబు చెప్పేముందు మేము అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఎప్పుడు దించిన కల్లు? దేనితో తాగారు? ఏ మందులు వాడుతున్నారు?

చెట్టు నుంచి కారేటప్పుడు అది వట్టి తీపినీరు. సున్నం పూసిన లొట్టిలో పడితే పులియకుండా నిలుస్తుంది. దాన్నే నీరా అంటాం. మామూలు లొట్టిలో పడితే ఈస్టు అనే సూక్ష్మజీవులు చక్కెరను వెంటనే ఆల్కహాలుగా మార్చసాగుతాయి. కొద్ది గంటల్లో నూటికి 4, 5 పాళ్ల దాకా చేరుతుంది, అంటే ఇంచుమించు బీరంత. మర్నాటికి పులిసి వెనిగరు దారి పడుతుంది. పోతుతాడు కల్లుకూ, పండుతాడు కల్లుకూ తేడా రుచి మరిగినవారు గుక్కలోనే చెప్పేస్తారు. మన్యంలో జీలుగు కల్లు దొరికితే మరి తాటికల్లు వైపు చూడరు. లివరుకు మాత్రం ఈ తేడాలేవీ తెలియవు.

ఫ్రాన్సులో లువార్ నది సముద్రంలో కలిసే ప్రాంతంలో మస్కడే అనే తెల్ల వైను చేస్తారు. మెలోన్ ద బుర్గోన్య అనే ద్రాక్షతో చేసే ఆ పుల్లని వైనును సముద్రపు ఆల్చిప్పలతో పుచ్చుకోవడం అక్కడి అలవాటు. మనవాళ్లు గోదావరి చేప కాల్చుకుని కల్లుతో తినడమూ అలాంటిదే. పులుపు నీచును విరుస్తుంది. వైనులో ఆల్కహాలు నూటికి 12 పాళ్లు ఉన్నా, వాళ్లు భోజనం ముందు పెట్టుకుని ఓ గ్లాసు తాగుతారు. మనలో చాలామంది పరగడుపున లొట్టి ఖాళీ చేస్తారు! చిక్కు అక్కడే వస్తుంది.

తిండి లేనప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది లివరు. ఆల్కహాలు ఆ పనికి అడ్డుపడుతుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడే మధుమేహ రోగి ఖాళీకడుపున కల్లు తాగితే చెమటలు పట్టి, మాట తడబడి, సోలిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లు "నిషా ఎక్కింది, పడుకోనివ్వండి" అంటారు. అలా వదిలేస్తే తెల్లవారేసరికి ప్రాణం పోవచ్చు. తెలివి ఉంటే చక్కెర నీళ్లు తాగించండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి.

తాగనివారిని మొదలుపెట్టమని నేను అనడం లేదు. తాగేవారు మాత్రం ముందుగా అన్నమో, ఉడికించిన శనగ, బొబ్బర గుడాలో తినాలి. కాల్చిన చేప మంచిదే. ఉప్పుచేప, కారపు మిర్చిబజ్జీ రక్తపోటు ఉన్నవారికి, కడుపులో పుండు ఉన్నవారికి పనికిరావు. క్షయ మందులు వాడేవారు, గర్భిణులు అసలు ముట్టకూడదు. మెట్రోనిడజోల్ వాడేవారు మాత్రలు అయిపోయాక మరో 3 రోజులు ఆగాలి. కల్లుతో మూత్రపిండాల్లో రాళ్లు కరుగుతాయన్నది వట్టి మాట. పిల్లలకు "చలువ" అని ఓ గుక్క పోసే అమ్మమ్మలపై నాకు కోపం వస్తుంది.

ఇదంతా చెట్టు కల్లు సంగతి. క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రజోలాం కలిపినదాన్ని ఏ తిండీ ఆపలేదు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. దానికి అలవాటు పడినవారు ఒక్కసారిగా మానినా ప్రమాదమే. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, సంధి మాటలు, మూర్ఛలు వస్తాయి. దయ్యం పట్టిందని తిప్పకండి. నేరుగా ఆసుపత్రికి తీసుకువచ్చి, ఎక్కడి కల్లు, ఎన్నేళ్లుగా, రోజుకెన్ని సీసాలు అన్నది దాచకుండా చెప్పండి.