మీకు తెలుసా? టీవీకి తగిలిస్తే కంప్యూటర్!

● 1982లో బ్రిటన్‌లో విడుదలైన కంప్యూటర్ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కు మానిటర్ లేదు. ఇంట్లోని టీవీకే తగిలించేవారు. ప్రోగ్రాములు ఆడియో క్యాసెట్ నుంచి కీచుమంటూ ఎక్కేవి. మెమరీ 16 లేదా 48 కేబీ. మన దేశంలో డెసిబెల్స్ సంస్థ ‘డీబీ స్పెక్ట్రమ్+’ పేరుతో అమ్మింది.

● 1984లో మొదలైన ‘క్లాస్’ అనే కంప్యూటర్ విద్యా పథకం కింద మన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి.

● హైదరాబాద్‌ ఈసీఐఎల్ సంస్థ అంతకుముందే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది.

● జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఏ ఊళ్లోనైనా అటక మీద పాత కంప్యూటర్ దొరికితే వెంటనే ప్లగ్గు పెట్టకండి. ముందు విప్పి, కెపాసిటర్లు ఉబ్బాయేమో, బ్యాటరీ కారిందేమో చూడాలి.

● పసుపెక్కిన ప్లాస్టిక్ డబ్బాకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే చాలావరకు పాత రంగు తేలుతుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి!