చప్పట్లు సరే... నర్సమ్మల గోడు పట్టేదెవరికి?

జ్వరమొచ్చినా, పురుడొచ్చినా పల్లె జనానికి ముందు గుర్తొచ్చేది నర్సమ్మే. ఆ నర్సమ్మకే కష్టమొస్తే చెప్పుకోవడానికి దిక్కెవరు? కరోనా వచ్చిపోయి ఏళ్లు గడిచినా ఈ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

2020 మార్చి 22న ఊరూవాడా చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లారు. ఆ రోజుల్లోనే కరోనా వార్డులో పనిచేస్తున్నారన్న భయంతో నర్సులను ఇళ్లు ఖాళీ చేయమన్న యజమానులూ దేశంలో పలుచోట్ల ఉన్నారు. వైద్య సిబ్బందిపై దాడులు జరుగుతుండటంతో కేంద్రం 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తెచ్చింది. దాడి చేస్తే 5 ఏళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ల వరకు జైలుశిక్ష ఖరారు చేసింది. ప్రాణం పోసే చేతులకు చట్టం కాపలా కావలసి రావడం విచారకరం.

వార్డులో పడిన కష్టం వేరు. నడివేసవిలో తల నుంచి పాదాల దాకా ప్లాస్టిక్ తొడుగు. ఒకసారి తొడిగితే గంటల తరబడి మంచినీళ్లు తాగడానికి లేదు, మరుగుకు వెళ్లడానికి లేదు. నెలసరి రోజుల్లో ఆ బాధ వర్ణనాతీతం. మాస్కు ఒరిపిడికి ముక్కు, చెంపలు పుండ్లు పడ్డాయి.

అంతకు మించింది మనసులో బాధ. అయినవారిని లోపలికి రానివ్వని చోట, కొన ఊపిరితో ఉన్న రోగికి ఫోనులో ఇంటివాళ్ల ముఖం చూపించింది నర్సులే. డ్యూటీ దిగి ఇంటికెళితే కన్నబిడ్డను దగ్గరకు తీసుకోవడానికీ జంకు. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచమంతటా 80 వేల నుంచి లక్షా 80 వేల మంది వైద్య సిబ్బంది కరోనాకు బలై ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

కరోనా విధుల్లో చనిపోయినవారి కుటుంబాలకు కేంద్రం 50 లక్షల రూపాయల బీమా పెట్టింది. మంచిదే. కానీ బతికున్న నర్సుకు కావలసింది కంటినిండా నిద్ర, వారానికొక సెలవు, నడుం వాల్చడానికి ఒక గది. బరువైన వార్డుల్లో పనిచేసేవారిని కొన్నాళ్లకు తేలిక పనికి మార్చాలని, కొత్తవారికి అనుభవజ్ఞులను తోడివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే చెప్పింది. సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ఈ లెక్క తప్పిన చోట అలసట నర్సుది, నష్టం రోగిది.

మరో మహమ్మారి చెప్పి రాదు. ఖాళీలు నింపడం, కాంట్రాక్టు నర్సులకు నెలనెలా జీతం అందేలా చూడటం ఇప్పుడే చేయాల్సిన పనులు. అధికారులు ఈ దిశగా దృష్టి సారించాలి. మన వంతు పనీ ఉంది. ఊరికి వచ్చిన నర్సమ్మకు కాసిన్ని మంచినీళ్లివ్వడం, అద్దెకు ఇల్లు కాదనకపోవడం. దీనికి ఏ జీవో అక్కర్లేదు.