అలవాటైన లాప్‌టాప్ మోడల్ ఆగిపోతే



కుక్కరు గాస్కెట్ కోసం ఎప్పుడైనా నాలుగు దుకాణాలు తిరిగారా? “ఈ మోడల్ రావడం మానేసిందమ్మా, కొత్త కుక్కరు కొనుక్కోండి” అనిపించుకుని వట్టి చేతులతో ఇంటికొచ్చారా? అయితే నా బాధ మీకు వేరే చెప్పనక్కరలేదు. నాకు లాప్‌టాప్ విషయంలో అదే జరిగింది.

నాది 11 అంగుళాల చిన్న లాప్‌టాప్. 2014లో కొన్నాం. కంపెనీ పేరెందుకు లెండి. వంటింటి గట్టు మీద పప్పుడబ్బాలకీ గోడకీ మధ్య సరిగ్గా పట్టేది. కూర వుడికేలోగా రేడియో ప్రసంగం ఒక పేజీ టైపు చేసుకునేదాన్ని. రికార్డింగు రోజున చేతిసంచీలో గొడుగు పక్కన పెట్టుకుని సిటీబస్సెక్కేదాన్ని. 2025 డిసెంబరులో మూత దగ్గరి కీలు విరిగింది, దాంతో తెర కూడా నల్లబడిపోయింది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పట్టుకెళితే, అక్కడి కుర్రాడు అటూ ఇటూ తిప్పిచూసి, “ఇది ఆగిపోయి చాలా ఏళ్ళయింది మేడమ్, విడిభాగాలు దొరకవు” అన్నాడు.

మనసు ముందు ఎటు పోతుందో చెప్పనా? అచ్చం అలాంటిదే ఇంకోటి, వాడినదైనా సరే, ఎక్కడ దొరుకుతుందా అని. దొరికింది కూడాను, ధర తక్కువే. కొనేసేదాన్నే, మా అబ్బాయి అడ్డుపడ్డాడు. “అమ్మా, దాని బ్యాటరీకీ పదేళ్ళు దాటాయి. వాడకుండా వుంచినా బ్యాటరీ ముసలిదవుతుంది” అన్నాడు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 పెట్టించుకుందామంటే, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు 8వ తరం దగ్గర్నించే అది ఒప్పుకుంటుంది. ఆ తరం మొదలైందే 2017లో. అంటే నా పాత మోడల్‌ని ఎన్నిసార్లు వెతికి తెచ్చుకున్నా, గొళ్ళెం లేని తలుపున్న ఇల్లు కొనుక్కున్నట్టే. బ్యాంకు పనులు కూడా దానిమీదే చేసుకునేవాళ్ళకి అది మంచిది కాదు. లినక్స్ అని వుచితంగా దొరికేది ఒకటుంది, పాత మిషన్ల మీద కూడా నడుస్తుంది. ఇంట్లో ఆ పని తెలిసినవాళ్ళుంటే అదీ ఒక దారే. మా ఇంట్లో లేరు.

సరే, అదే కంపెనీలో అదే పేరుతో వచ్చే కొత్తది కొంటే? ఇక్కడే చాలామంది మోసపోతారు. పేరు అలాగే వుంటుంది, లోపల సరుకు మారిపోతుంది. ఆపిల్ వాళ్ళ మాక్‌బుక్ ఎయిర్ సంగతే చూడండి. 11 అంగుళాలది 2010లో వచ్చింది, 1.06 కిలోలు. ప్రయాణాలు చేసేవాళ్ళు దాన్ని ఎంతో ఇష్టపడ్డారు. 2016 అక్టోబరులో ఆపేశారు. అప్పటికే 2015లో వచ్చిన 12 అంగుళాల మాక్‌బుక్ 0.92 కిలోలే. తేలికే, కానీ ఇయర్‌ఫోన్‌ది కాక వున్నది ఒక్కటే సాకెట్టు. చార్జింగు పెడితే పెన్‌డ్రైవ్‌కి చోటు లేదు. అదీ 2019లో ఆగిపోయింది. తమాషా ఏమిటంటే, 2020లో వచ్చిన 13 అంగుళాల ఎయిర్ వెడల్పు 30.41 సెంటీమీటర్లు. ఆ పాత 11 అంగుళాలది 30. తెర చుట్టూ వుండే నల్లటి అంచు సన్నబడ్డంతో పెద్ద తెర దాదాపు అదే వెడల్పులో ఇమిడిపోయింది. బరువు మాత్రం 1.29 కిలోలకి పెరిగింది.

ఇది తెలిశాక నాకు పెద్ద భారం దిగింది. అంగుళాలు అంటే తెరని మూల నుంచి మూలకి కొలిచిన లెక్క మాత్రమే. మన సంచీకీ, మన గట్టుకీ కావలసింది ఒంటి కొలత. అందుకని షాపుకి టేపు తీసుకెళ్ళాను. రవికె కొలతలు తీసే టేపే. కుర్రాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోనీండి. చార్జరు కూడా కలిపి ఎంత బరువో అడిగాను. రోజూ మోసేది రెండూ కదా.

వెళ్ళేముందు ఒక కాగితం మీద నాకు పాతదానిలో నచ్చినవి రాసుకున్నాను. మోడల్ పేరు రాయలేదు. మీటలు చప్పుడు చెయ్యవు, ఎందుకంటే రాత్రిళ్ళు మావారు నిద్రపోతూ వుండగా టైపు చేస్తాను. మైకు పెట్టుకునే రంధ్రం వుండాలి. పాతరకం వెడల్పు యూఎస్‌బీ ఒకటైనా వుండాలి. ఇంతే. రంగు గురించి రాసి మళ్ళీ కొట్టేశాను. షాపులో నిలబడి పది వాక్యాలు టైపు చేసి చూశాను. కొన్నవాటిలో బాణంగుర్తు మీటలు మరీ చిన్నవి, వేలు పక్కదాని మీద పడుతోంది.

ఇంకొక మాట. ఇప్పటి పల్చటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. తరవాత పెంచుకోవడం కుదరదు. పిల్లాడికి చొక్కా కుట్టించేటప్పుడు మడత వదిలినట్టు, కొనేటప్పుడే కాస్త ఎక్కువ తీసుకోవాలి. 8 జీబీ కన్నా తక్కువైతే వద్దనే నా సలహా. నేను 16 తీసుకున్నాను.

ఇక నన్ను నిజంగా భయపెట్టిన సంగతి. ఆ నల్లబడ్డ తెర వెనక నా పన్నెండేళ్ళ రాతా, మా అత్తయ్యగారు పోయేముందు పాడించి పెట్టుకున్న మంగళహారతులూ వున్నాయి. ఇంకో కాపీ తీసుకోలేదు, నా తప్పే. అయితే తెర పాడైతే మిషన్ అంతా పాడైనట్టు కాదు. మా అబ్బాయి హెచ్‌డీఎంఐ తీగతో దాన్ని టీవీకి తగిలిస్తే, అన్నీ టీవీ మీద కనిపించాయి. ఆ సాయంత్రమే రెండు చోట్లకి కాపీ చేశాం. అత్తయ్యగారి గొంతు హాల్లో వినబడేసరికి మావారు పేపరు పక్కన పెట్టేశారు.

కాపీ చేశాక కొత్త మిషన్లో తెరిస్తే, మొదటి ఏళ్ళ ప్రసంగాలన్నీ ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం! కారణమేమంటే, డీటీపీవాళ్ళ పాతరకం ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలోనే తెలుగు బొమ్మలు వేస్తాయి. ఆ ఫాంటు లేని మిషన్‌కి అవి ఇంగ్లీషే. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ తన సొంత సంఖ్యలున్నాయి కాబట్టి, అందులో టైపు చేసింది ఎక్కడైనా తెలుగుగానే తెరుచుకుంటుంది. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. కానీ వత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి. రోజుకి రెండేసి ప్రసంగాలు కూర్చుని దిద్దుకుంటున్నాను. మీ దగ్గరా అలాంటివుంటే పాత మిషన్ నడుస్తూండగానే పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. సరిచూసుకోవడానికి అసలు ప్రతి వుంటుంది.

కొత్తది 14 అంగుళాలది, 1.2 కిలోలు. గట్టు మీద రెండు సెంటీమీటర్లు చాలలేదు, కందిపప్పు డబ్బా కింది అరలోకి పోయింది. పాతదాన్ని ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇచ్చేశాం, లోపలి డిస్కు మాత్రం ముందే విప్పించి బీరువాలో పెట్టాను.