నిప్పుకొండ మీద నీళ్ల చెరువు

చైనా, ఉత్తర కొరియా దేశాల సరిహద్దులో పెక్టు అనే కొండ ఉంది. ఎత్తు 2,744 మీటర్లు. ఇది మామూలు కొండ కాదు, అగ్నిపర్వతం. అంటే నిప్పుకొండ.

భూమి లోపల చాలా వేడి. ఆ వేడికి రాళ్లు కూడా కరుగుతాయి. వాటిలో ఆవిరి ఉంటుంది. అన్నం ఉడికేటప్పుడు ఆవిరికి గిన్నె మూత లేస్తుంది కదా! అలాగే కరిగిన రాళ్లు కొండను చీల్చుకొని పైకొస్తాయి.

946వ సంవత్సరంలో పెక్టు అలా పేలింది. బూడిద సముద్రం దాటి జపాన్ దాకా పోయి పడింది. ఇలాంటి పెద్ద పేలుళ్లకు కొండ లోపల డొల్ల అవుతుంది. అప్పుడు నెత్తి కుంగి గుంట పడుతుంది. పెక్టు గుంటలో వాన నీళ్లు, మంచు నీళ్లు చేరి చెరువయింది. లోతు 384 మీటర్లు. పది తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి! రెండు దేశాల సరిహద్దు గీత ఈ చెరువు మీదుగానే పోతుంది.

1903 తర్వాత ఈ కొండ పేలలేదు. అయినా చల్లారలేదు. 2002 నుండి 2005 దాకా లోపల అదుర్లు ఎక్కువయ్యాయి. మళ్లీ పేలితే చెరువు నీళ్లు బురద వరదై ఊళ్ల మీద పడవచ్చు.

గీత మనుషులు గీసుకున్నది. కొండకు అది తెలియదు. అందుకే ఒక దేశం కనిపెట్టింది రెండో దేశానికి చెప్పాలి. ముందుగా తెలిస్తేనే ప్రాణాలు దక్కుతాయి.