ఒకే విమానం, నాలుగు కొలువులు

1930లో బ్రిటన్ వైమానిక దళానికి వింత చిక్కు వచ్చిపడింది. ఆ ఏడాది కొలువులో చేరిన హాకర్ హార్ట్ అనే తేలికపాటి బాంబర్ గంటకు సుమారు 296 కిలోమీటర్ల వేగంతో ఎగిరేది. బాంబర్లను అడ్డుకోవాల్సిన సిస్కిన్ ఫైటర్ వేగం 250 దగ్గరే ఆగిపోయేది. హైదరాబాద్ నుంచి విజయవాడకు 275 కిలోమీటర్లనుకుంటే హార్ట్‌కు 56 నిమిషాలు, సిస్కిన్‌కు 66 నిమిషాలు పడుతుంది. దొంగ మోటార్ సైకిల్ మీద, పోలీసు సైకిల్ మీద ఉన్నట్టే.

హార్ట్ బైప్లేన్, అంటే పైనొకటి, కిందొకటి రెక్కలున్న విమానం. ఎందుకలా? రెండు రెక్కలను కమ్ములతో, తీగలతో బిగిస్తే బరువు పెరగకుండా గట్టిదనం వస్తుంది. కాకపోతే ఆ తీగలన్నీ గాలికి అడ్డుపడి వేగాన్ని తగ్గిస్తాయి.

దీని ఇంజన్ 525 హార్స్‌పవర్‌ది. పొలంలో వాడే 5 హార్స్‌పవర్ మోటార్లు 105 కలిపితే అంత. మోసే బాంబులు సుమారు 227 కిలోలు, అంటే తొమ్మిది 25 కిలోల బియ్యం బస్తాల బరువు.

మరి దీన్ని పట్టేదెవరు? హార్ట్‌నే ఫైటర్‌గా మార్చారు. ముందువైపు ఒక మెషిన్‌గన్ ఉన్నచోట రెండు పెట్టి, వెనక గన్నర్ చోటును సవరించి, డీమన్ అని పేరు పెట్టారు.

నిఘాకు? సైన్యం కోసం ఆడాక్స్ వచ్చింది. దాని అడుగున కొక్కెం ఉండేది. రెండు గడల మధ్య తాడుకు కట్టిన సందేశపు సంచిని తక్కువ ఎత్తులో ఎగురుతూ లాక్కుపోయేది. నౌకాదళం కోసం రెక్కలు మడిచే ఆస్ప్రే వచ్చింది. వేట, నిఘా రెండూ దాని పనే. భారత వైమానిక దళంలోనూ హార్ట్, ఆడాక్స్ విమానాలు ఎగిరాయి.

కొత్త విమానమే కట్టుకోవచ్చుగా అనిపిస్తుంది. కానీ మూలం ఒకటే అయితే విడిభాగాలూ మెకానిక్‌ల అనుభవమూ చాలావరకు అన్నిటికీ పనికొస్తాయి. ఒకే కుట్టుకొలతతో నాలుగు చొక్కాలు కుట్టించుకున్నట్టు.

ఇంతకీ చిక్కు తీరిందా? సగమే. డీమన్ వేగం సుమారు 293 కిలోమీటర్లు. హార్ట్‌తో దాదాపు సమానంగా పరుగెత్తగలదు, అంతకుమించి లేదు. మార్పులతో పని మారుతుంది గానీ, గాలికి అడ్డుపడే ఆ రెండో రెక్క ఎక్కడికీ పోదు. హార్ట్‌ను గీసిన సిడ్నీ క్యామే చివరికి ఆ రెక్కను తీసేశాడు. 1935 నవంబర్ 6న తొలిసారి ఎగిరిన ఆయన ఒంటిరెక్క హరికేన్ 500 కిలోమీటర్ల వేగం దాటింది.