మిగులు ఎవరిది?

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేరు 985 రూపాయల ధరకు మార్కెట్లోకి వచ్చింది. మదుపరులు ఎగబడ్డారు. 1,600 కోట్ల రూపాయలకు పైగా సమకూరింది. 1997లో విక్రమ్ ఆకుల పెట్టిన స్వయం కృషి సంగం అనే స్వచ్ఛంద సంస్థే దాని మూలం. అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ పల్లెల్లో పేద ఆడవాళ్లకు చిన్న చిన్న అప్పులివ్వడంతో మొదలైంది. షేరు వచ్చిన రెండు నెలలకే, అప్పుల ఒత్తిడికి ఆత్మహత్యలన్న వార్తల నడుమ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఊళ్లలో కిస్తీలు ఆగిపోయాయి.

సేవలో వ్యాపారం కలిస్తే ఇంతేనని చాలామంది తేల్చేశారు. అంత తేలిగ్గా ఒప్పుకోలేం. విరాళాలతో వందల ఊళ్లకు అప్పులివ్వడం ఎవరి వల్లా కాదు. అందుకే 2005లో ఆ పని ఫైనాన్స్ కంపెనీ చేతికి వెళ్లింది, పెట్టుబడిదారులు వచ్చారు. ఐదుగురు ఆడవాళ్ల గ్రూపు, వారం వారం సెంటర్ మీటింగు, ఒకరు కట్టలేకపోతే మిగతా నలుగురి పూచీ... ఈ పద్ధతి మొదటి నుంచీ ఉన్నదే. పైనుంచి టార్గెట్లు దిగాక ఆ పూచీయే పీకకు చుట్టుకుంది. అప్పు తీసుకున్నవాళ్ల పేరిట ట్రస్టులు పెట్టి వాటికీ వాటా ఇచ్చారు, నిజమే. షేరు ఉన్నంత మాత్రాన మాట చెల్లదని 2010 చూపించింది.

మదురైలో సంగతి వేరు. 58 ఏళ్ల వయసులో ప్రభుత్వ కొలువు నుంచి రిటైరైన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఇల్లు తాకట్టు పెట్టారు. ఫీజు కట్టగలిగినవాళ్లు కడతారు, ఆ మిగులుతో మిగతావాళ్లకు ఉచితం. డబ్బు కట్టినవారికి ఏసీ గది దొరకొచ్చు, ఉచిత వార్డులో చాప మీద పడుకోవాలి. డాక్టర్లు మాత్రం రెండు వైపులా వంతులవారీగా పనిచేస్తారు. ఎటు వెళ్లాలో రోగి ఇష్టం. మన దగ్గరిలా తెల్ల రేషన్ కార్డు చూపమనరు. హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా ఇదే లెక్క మీద నడుస్తోంది.

శుక్లం తీశాక కంట్లో పెట్టే లెన్సు అప్పట్లో విదేశాల నుంచి రావాలి. ఒక్కోటి వంద డాలర్ల దాకా పలికేది. ఉచిత రోగికి అంత ఖరీదైన లెన్సు ఎక్కణ్నుంచి తెస్తారు? అందుకే 1992లో అరవింద్ వాళ్లు ఆరోల్యాబ్ అనే ఫ్యాక్టరీ పెట్టి, పది డాలర్లకే లెన్సు అమ్మారు. ఇప్పుడు దాని సరుకు వందకు పైగా దేశాలకు వెళుతోంది. అది పక్కా వ్యాపారమే. కానీ యజమాని ట్రస్టు. లాభం పంచమని అడిగే వాటాదారుడే లేడు.

నా దృష్టిలో అసలు తేడా అక్కడే ఉంది. సేవాసంస్థ కింద వ్యాపారం ఉంటే మిగులు మళ్లీ పనిలోకే వస్తుంది. సేవాసంస్థ నాటిన మొక్కను పెట్టుబడిదారుల పెరట్లోకి మార్చాక పండు ఎవరిదన్న తగువు తప్పదు. కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద నమోదైన సేవాసంస్థలు లాభం సంపాదించవచ్చు, డివిడెండ్ పంచకూడదు. అందుకే పెట్టుబడి కావలసినవాళ్లు పక్కన మామూలు ప్రైవేటు కంపెనీ పెట్టుకుంటారు.

అరకులో అలాంటి ఏర్పాటే నడుస్తోంది. నాంది ఫౌండేషన్ అనే సేవాసంస్థ గిరిజన రైతులతో పనిచేస్తుంది, రైతులకు సొంత సహకార సంఘం ఉంది, కాఫీ అమ్మేది కంపెనీ. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. ఆనంద్ మహీంద్రా వంటివారు పెట్టుబడి పెట్టారు. బ్రాండ్ విలువ పెరిగే కొద్దీ ఆ పెరుగుదలలో రైతు సంఘానికి ఎంత దక్కుతుందన్నదే ఈ మిశ్రమానికి అసలు పరీక్ష. గింజకు మంచి ధర ఇవ్వడం గొప్పే, అయితే ధర వేరు, వాటా వేరు.

‘సామాజిక వ్యాపారం’ అంటూ ఎవరైనా మీ దగ్గరికి విరాళానికో పెట్టుబడికో వస్తే రెండు కాగితాలు అడగండి: ట్రస్టు డీడ్, కంపెనీ వాటాదారుల జాబితా. రెండోది వాళ్లు ఇవ్వకపోయినా, కంపెనీ దాఖలు చేసే వార్షిక పత్రాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు.