కండె: తొందరపడని యంత్రం

కణం రెండుగా చీలేటప్పుడు, అప్పటికే జంట ప్రతులుగా తయారై ఉన్న క్రోమోజోములను పిల్లకణాలకు చెరొక ప్రతి చొప్పున పంచిపెట్టే యంత్రానికి, నడుమ లావుగా, కొసల సన్నగా ఉండే రూపాన్ని బట్టి, కండె అనే పేరు స్థిరపడింది. జర్మనీలోని కీల్‌లో వాల్తర్ ఫ్లెమింగ్ సాలమాండర్ డింభకాల కణాలకు రంగులద్ది, ఈ పంపకాన్ని దశలవారీగా చిత్రించి 1882లో గ్రంథస్థం చేశాడు. అయితే చంపి రంగువేసిన కణంలో కనిపించే కండె పోగులు నిజంగా ఉన్నవేనా, రసాయనాల వల్ల ఏర్పడినవా అన్న వివాదం, 1950లలో షిన్యా ఇనోవే తాను మెరుగుపరచిన ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో బతికున్న కణంలోనే వాటిని చూపేదాకా తెగలేదు.

ఆ పోగులు ట్యూబ్యులిన్ అనే ప్రోటీనుతో కట్టిన సూక్ష్మనాళికలు. అవి పెరుగుతూ, ఉన్నట్టుండి కుంగుతూ, తడుముకుంటూ పోయి, ప్రతి క్రోమోజోము ప్రతిమీదా ఉండే కైనెటోకోర్ అనే పట్టును అందుకుంటాయి. మనిషి కణంలో అలాంటి పట్లు 92. గుడ్డిగా తడిమే పని గనుక రెండు ప్రతులూ ఒకే ధ్రువానికి, అంటే కండె ఒకే కొసకు, తగులుకోవడం కద్దు. అసలు అబ్బురం ఆ తప్పును కణం కనిపెట్టే తీరులో ఉంది. జంట ప్రతులను కోహెసిన్ అనే ప్రోటీను వలయాలు కలిపి ఉంచుతాయి కాబట్టి, ఎదురెదురు ధ్రువాల నుంచి లాగినప్పుడే నడుమ సరైన బిగువు పుడుతుంది. బిగువు లేని ముడిని అరోరా-బి అనే ఎంజైము వదులుచేసి, మళ్ళీ ముడిపడే అవకాశం ఇస్తుంది. ఈ ఎంజైము సంగతి తెలియకముందే, 1969లో, బ్రూస్ నిక్లాస్ మిడత కణంలో తప్పుగా తగులుకున్న క్రోమోజోమును సన్నని సూదితో లాగి పట్టుకుని, విడిపోవలసిన ఆ ముడి బిగువున్నంతసేపూ నిలిచి ఉంటుందని చూపాడు.

ముడులన్నీ కుదిరేదాకా కణాన్ని ఆపి ఉంచే కాపలా వేరే ఉంది. 1991లో రెండు అమెరికన్ బృందాలు, కండె చెడినా ఆగకుండా విభజనకు ఉరికే ఈస్టు కణాలను ఏరి, ఈ కాపలాకు కావలసిన జన్యువులను గుర్తించాయి. ఆగమనే సంకేతం ఖాళీ పట్టు నుంచే వెలువడుతుందని 1995లో కాన్లీ రీడర్ బృందం తేల్చింది. మిగిలిన ఒక్క ఖాళీ పట్టును లేజరుతో కాల్చివేయగానే, అప్పటిదాకా నిలిచిపోయిన కణం విభజనకు కదిలింది. సంకేతం ఆగాక సెపరేజ్ అనే ఎంజైము కోహెసిన్ వలయాలను తెంచుతుంది, ప్రతులు విడిపోతాయి.

ముడులు కుదిరేదాకా వేచి ఉండే ఈ యంత్రానికి కఠిన పరీక్ష స్త్రీ అండకణంలో ఎదురవుతుంది. అక్కడ కోహెసిన్ వలయాలు ఆమె తల్లి కడుపులో ఉండగానే అమరి, అండం విడుదలయ్యేదాకా దశాబ్దాల తరబడి క్రోమోజోములను పట్టి ఉంచాలి. వయసుతో ఆ కట్టు సడలడం, 21వ క్రోమోజోము అదనంగా చేరి ఏర్పడే డౌన్ సిండ్రోమ్ అవకాశం తల్లి వయసుతో పాటు పెరగడానికి ఒక ముఖ్య కారణంగా భావిస్తున్నారు. చుంచెలుకల అండాలపై జరిగిన పరిశోధనల్లో, సడలిన వలయాలకు బదులు కొత్తవి అమరుతున్న జాడ కనిపించలేదు.